ఫోమ్ బాతు డికాయ్‌లకు గట్టి పూత: గోనె గుడ్డా, జిగురూ రంపపు పొట్టా, బెడ్‌లైనరా?

గల్ఫ్‌తీరం
అందరికీ నమస్కారం. నేను హ్యూస్టన్ దగ్గర ఉంటాను. చలికాలం వస్తే తీరం వెంబడి చిత్తడి నేలల్లో బాతుల వేటకి వెళ్తాం, మా గుంపులో నలుగురం తెలుగువాళ్లమే. ప్లాస్టిక్ డికాయ్‌లతో (బాతుల్ని దింపడానికి నీళ్లలో వదిలే బాతు బొమ్మలు) విసిగిపోయాం. తుపాకీ పెల్లెట్ (చిన్న గుండు) ఒక్కటి తగిలితే చాలు, నీళ్లు ఎక్కి పక్కకి ఒరుగుతాయి, ఒరిగిన బొమ్మని చూసి ఏ బాతూ దిగదు. ఫోమ్‌తో చేస్తే ఎన్ని పెల్లెట్లు దిగినా మునగవని ఈసారి సొంతంగా చెక్కుతున్నాం. ఆకారం బాగానే వస్తోంది. సమస్య అంతా పైపూతతోనే.

నమూనాగా ఉంటాయని ఒకాయన దగ్గర కొన్ని పాత ఫోమ్ డికాయ్‌లు కొన్నాం. వాటికి నేరుగా ఫోమ్ మీదే పెయింట్ వేసినట్టున్నారు. తోక అంచునా, రొమ్ము దగ్గరా పెచ్చులు లేచి లోపలి తెల్ల గింజలు కనబడుతున్నాయి, వేలితో గీకితే గింజలు రాలుతున్నాయి. మావి అలా కాకూడదు. ఉప్పునీళ్లు, ఎండ, ట్రక్కులో విసిరేయడాలు, మా కుక్క పళ్లు, అన్నీ తట్టుకోవాలి. కొందరు గోనె గుడ్డ చుట్టమంటున్నారు, కొందరు ట్రక్కు వెనక తొట్టికి గీతలు పడకుండా వేసే బెడ్‌లైనర్ పూత అంటున్నారు, ఇంకొకరు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్) అన్నారు. చేతులారా చేసినవాళ్లు చెప్పండి.

మంచుసరస్సు
పూత సంగతి తర్వాత, ముందు మీ ఫోమ్ ఏదో చెప్పండి. గింజలు గింజలుగా ఉన్న తెల్లదా (మన థర్మోకోల్, ఈపీఎస్), గులాబీ లేదా నీలం రంగులో నున్నగా వచ్చే ఇన్సులేషన్ బోర్డా (ఎక్స్‌పీఎస్), లేక గోధుమ రంగు యూరిథేనా? మొదటి రెండూ పాలిస్టైరీనే. అసిటోన్, టోలీన్, జైలీన్, పెట్రోలు, ఏది తగిలినా కరిగిపోతాయి. స్ప్రే డబ్బాల్లో వచ్చే పెయింట్లలో చాలావాటిలో ఇలాంటి సాల్వెంట్లే ఉంటాయి, కాబట్టి వట్టి ఫోమ్ మీద స్ప్రే కొడితే గుంటలు పడటం ఖాయం. యూరిథేన్‌కి ఆ భయం చాలా తక్కువ.

డబ్బా వెనక "బ్రష్ నీళ్లతో కడగండి" అని రాసి ఉంటే దాదాపు నిశ్చింతగా వాడొచ్చు. "థిన్నర్‌తో కడగండి" అని ఉంటే దూరం పెట్టండి. ఏదైనా సరే, ముందు ఒక పనికిరాని ముక్క మీద రాసి రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి.

తెల్లదే వాడుతుంటే సాంద్రత కూడా చూడండి. టీవీ పెట్టెల్లో వచ్చేది ఘనపు అడుగుకి సుమారు 1 పౌండు ఉంటుంది, బొటనవేలి గోరు నొక్కితే దిగబడుతుంది. డికాయ్‌కి కనీసం 2 పౌండ్లది తీసుకోవాలి. కింద ఫోమ్ మెత్తగా ఉంటే పైన ఎంత గట్టి పూత వేసినా దెబ్బ తగిలినచోట లోపలికి సొట్ట పడుతుంది, పూత పగిలేది ఆ సొట్ట దగ్గరే.

గల్ఫ్‌తీరం
తెల్లదే అన్నా, 2 పౌండ్లది. అడుగు భాగానికి మాత్రం సెడార్ చెక్క పెట్టాలని ఉంది.

సెట్‌పని_హైదరాబాద్
వేట గురించి నాకేమీ తెలియదు గానీ థర్మోకోల్ మాత్రం బాగా తెలుసు, మాది సినిమా సెట్లు, పెళ్లి స్టేజీల పని. గుడి స్తంభాలు, ఏనుగులు, రథాలు అన్నీ థర్మోకోలే. హాట్ వైరుతో కోసి, ఉప్పు కాగితంతో రుద్ది, పల్చటి కాటన్ గుడ్డని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి అతికిస్తాం. ఆరాక దాని మీద లప్పం, ఆపైన రంగు. గుడ్డ లేకుండా లప్పం పెడితే ఎవరైనా మోచెయ్యి ఆనించగానే బీట. గుడ్డ వేశాక మనిషి ఎక్కి కూర్చునేంత కాకపోయినా, లారీలో ఎక్కించి దింపడానికి భయం ఉండదు. బలం రంగులో లేదు, జిగురులో కూడా పూర్తిగా లేదు, ఆ రెండింటి మధ్య ఉన్న గుడ్డలో ఉంది. మీ పాత బొమ్మల్లో లేనిది అదే అనుకుంటున్నాను.

అయితే మా పద్ధతి యథాతథంగా మీకు పనికిరాదు. మామూలు తెల్ల ఫెవికాల్ నీళ్లలో నానితే మళ్లీ పాలలా వదులవుతుంది. వానాకాలంలో బయట సెట్లకి మేమూ నీటికి నిలిచే రకమే వాడతాం, ఇక్కడైతే ఫెవికాల్ మెరైన్ దొరుకుతుంది. అక్కడ దానికి సమానమైనది ఏదో మీవాళ్లే చెప్పాలి. లప్పం కూడా వద్దు, నీళ్లు పీల్చుకుంటుంది.

ఇంకో మాట. హాట్ వైరుతో కోసేటప్పుడు వచ్చే పొగ మంచిది కాదు. గరాజ్ తలుపు తెరిచి, ఫ్యాను పెట్టుకుని చేయండి. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

శాక్రమెంటో_వరిచేను
గోనె గుడ్డ పక్షం వాడిని నేను, అందుకే వివరంగా రాస్తున్నాను. మేము కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లోయలో వేటాడతాం. వరి కోశాక గడ్డి కుళ్లడానికి పొలాలకి నీళ్లు పెడతారు, బాతులు వేలల్లో దిగేది అక్కడే. ఆ నీళ్లలో మోళ్లు కత్తుల్లా నిలబడి ఉంటాయి. బురదలో ఈడ్చుకుంటూ, సంచుల్లో కుక్కుకుంటూ తిరిగే డికాయ్‌లకి గోనె పూతని మించింది నేను చూడలేదు.

గుడ్డ: వదులు నేతది వద్దు, గజానికి 10 ఔన్సుల బరువుండే దగ్గర నేతది తీసుకోండి. జనపనారని మిల్లులో మెత్తబరచడానికి నూనె పడతారు, కొత్త గోనెలో వచ్చే ఆ వాసన దానిదే. ఆ నూనె ఉంటే జిగురు సరిగా పట్టదు. వేడినీళ్లలో ఒకసారి ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఇస్త్రీ చేసి వాడండి.

జిగురు: పైపుల ఇన్సులేషన్ మీద కాన్వాస్ అతికించడానికి వాడే లాగింగ్ అడ్హెసివ్ అని ఉంటుంది. పాతకాలం వాళ్లు అరబోల్ అంటారు, ఫోస్టర్ 30-36 అనేది కూడా ఆ కోవదే. నీటి ఆధారితం కాబట్టి ఫోమ్‌ని ముట్టుకోదు. హోమ్ డిపో లాంటి చోట్ల మామూలుగా ఉండదు, ఏసీ, ఇన్సులేషన్ సామాన్లు అమ్మే దుకాణాల్లో అడగండి. గ్యాలన్ల లెక్కన అమ్ముతారు, నలుగురూ కలిసి కొనుక్కుంటే సరిపోతుంది.

పని: ముందు వట్టి ఫోమ్ మీద ఒక పల్చటి పూత రాసి ఆరనివ్వాలి. గింజల మధ్య సందులు మూసుకుంటాయి. ఆ తర్వాత మళ్లీ చిక్కగా రాసి, తడిగా ఉండగానే గుడ్డని వీపు మధ్యలో పెట్టి, గట్టి వెంట్రుకల బ్రష్‌తో మధ్య నుంచి అంచులకి నొక్కుకుంటూ పోవాలి. నేత కళ్లలోంచి జిగురు పైకి ఉబికి రావాలి. రాని చోట గుడ్డ కింద గాలి ఉన్నట్టే, రేపు అక్కడే పొంగుతుంది. వీపు తేలిక. రొమ్ము దగ్గర, మెడ మొదలయ్యే చోట, తోక కింద ముడతలు పడతాయి. అక్కడ లాగి సరిచేయాలని చూడకండి, ఆ క్షణానికి కూర్చున్నా ఆరేటప్పుడు లేస్తుంది. జాకెట్టుకి డాట్లు తీసినట్టు కత్తెరతో కోణంగా గాటు పెట్టి, ఒక అంచు మీదకి ఇంకో అంచు అర అంగుళం ఎక్కించి నొక్కండి. అతుకులన్నీ అడుగు చెక్క కిందకి మడిచేలా చూసుకోండి. నీటిమట్టం గీత మీద అతుకు ఉండకూడదు, అలలు రోజంతా తడిపి ఆరబెట్టేది ఆ గీతనే.

ఒక రోజు ఆరాక పైన ఇంకో నిండు పూత. నేత గరుకు కొంచెం మిగలాలి, పూర్తిగా నున్నగా చేయొద్దు. ఆ గరుకే మెరుపుని చంపుతుంది.

గల్ఫ్‌తీరం
ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్ అన్నా. ఒక సందేహం. లాగింగ్ జిగురు దొరక్కపోతే చెక్కపనికి వాడే టైట్‌బాండ్ 3 జిగురు వాడొచ్చా? వాటర్‌ప్రూఫ్ అని డబ్బా మీదే ఉంది కదా.

స్టట్‌గార్ట్‌రోడ్డు
వాడొచ్చు, నేను వాడేది అదే. కానీ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదవండి: ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే పనులకీ, పడవల్లో నీటిమట్టం కిందకీ వాడొద్దని వాళ్లే రాస్తారు. పొద్దున వేసి మధ్యాహ్నం తీసి ఇంటికి తెచ్చుకునే డికాయ్‌లకి, పైన పెయింట్ కూడా ఉంటుంది కాబట్టి, ఇబ్బంది రాలేదు. సీజనంతా నీళ్లలోనే వదిలేసే పెద్ద స్ప్రెడ్‌లకి (డికాయ్‌ల గుంపులకి) మాత్రం నేను సిఫారసు చేయను.

నేను గోనె వాడను. అర్కన్సాలో మేము నీళ్లు నిలిచిన అడవుల్లో వేటాడతాం, చెట్ల మధ్య నడవాలి, డికాయ్‌లు భుజాన మోయాలి. గోనె పూత బరువు. దానికి బదులు టైట్‌బాండ్ 3లో సన్నటి రంపపు పొట్టు గానీ కార్క్ పొడి గానీ కలుపుతాను. దోసె పిండి కంటే చిక్కగా, గారెల పిండి కంటే పల్చగా ఉండాలి. తక్కువ తక్కువ కలుపుకోండి, పది నిమిషాల్లో బిగుసుకోవడం మొదలవుతుంది. వట్టి జిగురు రాసిన డికాయ్ మీద ఈ ముద్దని పొట్టి బ్రష్‌తో పొడుస్తూ పెట్టాలి, పులిమితే వీపు మీద పల్చనై అంచుల్లో పోగవుతుంది. ఆరాక నీళ్లు కలిపిన జిగురుతో పైన ఒక సీలింగ్ పూత. ఈ చివరి పూత మానేస్తే పొట్టు కొసలు బయటికి ఉండి నీళ్లు తాగుతాయి. అవి ఉబ్బితే పెయింట్ లేస్తుంది.

గరాజ్‌లో చలి ఉంటే ఆగండి. ఈ జిగురు 47 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువలో పట్టదు, ఆరాక సుద్దపొడిలా తెల్లగా కనబడుతుంది.

శాక్రమెంటో_వరిచేను
పొట్టు పూత అందంగా ఉంటుంది, కాదనను. ఈకల గీతలు కూడా చెక్కుకోవచ్చు. కానీ దెబ్బ తగిలితే? నార అడ్డంగా, నిలువుగా పట్టి ఉంచుతుంది, పొట్టుకి ఆ పట్టు లేదు. మీది చెట్ల మధ్య నిలకడ నీరు కాబట్టి నడుస్తోంది. అలలు కొట్టే తీరానికి, ట్రక్కులో విసిరేసేవాళ్లకి గోనె తప్పదు.

స్టట్‌గార్ట్‌రోడ్డు
తలకీ ముక్కుకీ చెక్క వాడి, తోక లోపల సన్నటి ప్లైవుడ్ ముక్క దూరిస్తే దెబ్బలు తినేది ఫోమ్ కాదు, చెక్క. విరిగేవి ఎప్పుడూ ఆ రెండే. వీపు పగిలిన డికాయ్ మీరు ఎన్ని చూశారు?

శాక్రమెంటో_వరిచేను
వీపు పగలదు, ఒప్పుకుంటాను. రొమ్ము కింది భాగం మాత్రం చూశాను, పడవ అంచుకి రాసుకుని రాసుకుని పొట్టు పూత అరిగి ఫోమ్ తేలినవి. మధ్యేమార్గంగా పొట్టు పూత కింద రొమ్ము దగ్గరా, పక్కలకీ మాత్రం పల్చటి కాటన్ గుడ్డ వేయొచ్చు. సెట్‌పని గారు చెప్పింది అదే కదా.

కొల్లేరుపిల్ల
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది కొల్లేరు పక్క ఊరు. పక్షుల్ని చంపడానికి బొమ్మలు ఎలా చేయాలో తెలుగులో ఇంత వివరంగా రాస్తుంటే మనసు ఒప్పడం లేదు. మన దగ్గర ఇది చదివి ఎవరైనా మొదలుపెడితే?

మోడరేటర్
అడగాల్సిన ప్రశ్నే అమ్మా. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద బాతుల వేట నేరం. కొల్లేరు, పులికాట్, నేలపట్టు ఎక్కడైనా అంతే, సరదాకి కూడా కుదరదు. ఈ చర్చ అమెరికాలో లైసెన్సుతో వేటాడేవాళ్లది. అక్కడ వలస పక్షులకి 1918 నుంచి చట్టం ఉంది, సీజను, రోజుకి ఎన్ని, ఏ జాతి, అన్నీ లెక్కే. 16 ఏళ్లు దాటి నీటిపక్షుల్ని వేటాడే ప్రతి ఒక్కరూ 25 డాలర్ల డక్ స్టాంపు కొనాలి, ఆ డబ్బులో 98 శాతం చిత్తడి నేలల్ని కొని కాపాడటానికే పోతుంది. ఇండియా నుంచి చదువుతున్నవాళ్లు దీన్ని పూత పాఠంగా మాత్రమే చదవాలి. అక్కడ ప్రయత్నిస్తామని ఎవరు రాసినా ఆ పోస్టు తీసేస్తాను.

కొల్లేరుపిల్ల
మంచిది, థ్యాంక్స్. అయితే నేనూ ఒక సంగతి చెప్తాను. డికాయ్‌లు కాపాడటానికి కూడా పనికొచ్చాయి. అమెరికాలో మెయిన్ రాష్ట్రం దగ్గర ఈస్టర్న్ ఎగ్ రాక్ అనే దీవిలో పఫిన్లు అనే సముద్రపక్షులు వేటవల్ల పూర్తిగా పోతే, స్టీఫెన్ క్రెస్ అనే శాస్త్రవేత్త 1973లో వేరేచోటి నుంచి పిల్లల్ని తెచ్చి పెంచడం మొదలుపెట్టారు. పెద్దయ్యాక అవి తిరిగి రావడానికి రాళ్ల మీద పఫిన్ బొమ్మలు నిలబెట్టారు, తోటివాళ్లు ఉన్నారనుకుని దిగుతాయని. 1977లో రావడం మొదలై, 1981లో అక్కడే గూళ్లు పెట్టాయి. ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి నిలవాల్సిన బొమ్మలకి మీ పూతల గొడవ ఇంకా ఎక్కువ అవసరం. అందుకే చదువుతాను, ఆపను.

గల్ఫ్‌తీరం
ఇది నాకు తెలియదు, మంచి విషయం చెప్పారు. బొమ్మలు మాత్రం ఎంత పాతవో చూడండి, నెవాడాలో లవ్‌లాక్ గుహలో 1924లో తుంగతో అల్లిన బాతు డికాయ్‌లు దొరికాయి, సుమారు రెండు వేల ఏళ్ల నాటివట. ఈకలు కూడా కట్టి ఉన్నాయి.

సరే, ఎపాక్సీ గురించి ఎవరూ అనలేదు?

కాకినాడ_పడవ
నేను చెప్తాను. మా వైపు కొయ్య తెప్పలు పోయి ఫైబర్ తెప్పలు వచ్చాక ఆ పని దగ్గరుండి చూసినవాణ్ణి, ఇప్పుడు ఫ్లోరిడాలో ఉన్నాను. పడవలకి వాడే మామూలు పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది. థర్మోకోల్ మీద పోస్తే గ్లాసులో ఐసు కరిగినట్టు కూడా కాదు, పొగ లేకుండా మాయమైపోతుంది. ఎపాక్సీ అయితే ఏమీ కాదు, దాని మీద సన్నటి గ్లాస్ క్లాత్ (గాజునార గుడ్డ) వేస్తే రాయిలా తయారవుతుంది. రెండు జాగ్రత్తలు. ఒకటి, కలిపిన ఎపాక్సీని కప్పులో అలాగే ఉంచితే వేడెక్కుతుంది, ఆ వేడి ముద్ద ఫోమ్ మీద పడితే గుంట పడుతుంది. వెడల్పు ట్రేలో పోసుకుని పల్చగా లాగాలి. రెండోది, ఎపాక్సీ ఎండకి నిలవదు, పసుపెక్కి సుద్దలా రాలుతుంది, పైన పెయింట్ తప్పదు.

ఇంతకంటే పెద్ద చిక్కు గాలితో. తెల్ల ఫోమ్‌లో గింజల మధ్య గాలి ఉంటుంది. దాని చుట్టూ గాలి కూడా చొరబడని గట్టి డిప్ప కట్టేసి, టెక్సస్ ఎండలో మూసిన ట్రక్కులో పెడితే లోపలి గాలి వ్యాకోచించి డిప్పని ఫోమ్ నుంచి లేపేస్తుంది. ఈ ఫోమ్‌తో చేసిన సర్ఫ్‌బోర్డులకి అందుకే చిన్న వెంట్ బిరడా పెడతారు. పైగా ఈపీఎస్‌ని 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వేడి తగలనివ్వకూడదంటారు. నల్లటి డికాయ్ ఎండలో ఉన్న ట్రక్కు రేకు మీద పడి ఉంటే ఆ దరిదాపులకి పోవడం కష్టమేమీ కాదు. నా అభిప్రాయంలో డికాయ్‌కి మొత్తం ఎపాక్సీ దండగ. అడుగు చెక్క అతకడానికి, తల కూర్చోబెట్టడానికి, ముక్కుకి మాత్రం వాడండి.

ట్రక్కుబెడ్
బెడ్‌లైనర్ తరఫున ఎవరూ లేరు కాబట్టి నేను. కాన్సస్‌లో గూస్ (అడవి బాతుకంటే పెద్ద పక్షి) వేటకి పెద్ద ఫోమ్ డికాయ్‌లకి అదే వేస్తున్నాను. నీటి ఆధారిత యూరిథేన్ రకం, రబ్బరు పలుకులు కలిసినది, రోలర్‌తో రెండు పూతలు. కొన్ని బ్రాండ్లలో జైలీన్ ఉంటుంది, అవి నేరుగా వేస్తే మంచుసరస్సు అన్న చెప్పినట్టే ఫోమ్ హరీ. గోనెలో సగం పని కూడా లేదు, ఒక మధ్యాహ్నంలో డజను అయిపోతాయి. సాగే గుణం ఉంది కాబట్టి సొట్ట పడినా బీట రాదు.

మంచుసరస్సు
సాగుతుంది, నిజమే, మీవి పొలంలో నేల మీద పెట్టేవి కాబట్టి నప్పింది. నీళ్లలో తేలేవాటికి రెండు ఇబ్బందులు నేను చూశాను. ఒకటి బరువు పైభాగంలో పెరిగి, గాలికి బొమ్మ ఎక్కువగా ఊగుతుంది, కింద బరువు పెంచుకోవాల్సి వస్తుంది. రెండోది, మా దగ్గర నవంబరులో నీళ్ల అంచు గడ్డకడుతుంది. ఐసు పట్టిన డికాయ్‌ని లాగితే పూత ఎక్కడో ఒకచోట గీసుకుపోతుంది, ఆ గీతలోంచి నీళ్లు పూత కిందకి పాకి, మళ్లీ గడ్డకట్టి, అరచేతి వెడల్పున పొర పొరగా లేస్తుంది. గోనె పూతలో చిరిగితే చిరిగినంతే, పక్కకి పాకదు, చిన్న అతుకు వేస్తే సరిపోతుంది. బాగు చేసుకోగలగడం కూడా మన్నికలో భాగమే కదా.

ట్రక్కుబెడ్
ఐసు సంగతి నాకు అనుభవం లేదు, ఆ మాట తీసుకుంటాను. టెక్సస్ తీరంలో ఐసు గొడవ పెద్దగా ఉండదు కదా, వాళ్లకి పనికొస్తుందేమో. కనీసం కింద జిగురుతో ఫోమ్‌ని సీల్ చేసి వేయమని చెప్తాను, అప్పుడు లేవడం తగ్గుతుంది.

గల్ఫ్‌తీరం
ఇంటి కప్పులకి వేసే తెల్ల ఎలాస్టోమెరిక్ (రబ్బరులా సాగే) కోటింగ్ మా గరాజ్‌లో సగం బకెట్ మిగిలి ఉంది. అది?

కాకినాడ_పడవ
అక్రిలిక్‌దా, సిలికాన్‌దా చూడండి. సిలికాన్‌ది అయితే దాని మీద ఏ పెయింటూ నిలవదు, ముట్టుకోకండి. అక్రిలిక్ అయితే ఫోమ్‌కి హాని లేదు, ఎండకి అద్భుతంగా నిలుస్తుంది, కానీ నీళ్లు నిలిచే చోట అది క్రమంగా మెత్తబడుతుంది. చదునైన కప్పుల మీద నీళ్లు నిలిచిన చోటే ఊడేది అందుకే. గోనె మీద, నీటిమట్టం పైభాగానికి మాత్రం వాడుకోండి.

రంగులపెట్టె
పెయింట్ గురించి నాలుగు మాటలు, ఎందుకంటే ఇంత కష్టపడి చివర్లో మెరిసే రంగు వేసేవాళ్లని చూశాను. బయటి గోడలకి వేసే ఫ్లాట్ లేటెక్స్ (మెరుపు లేని, నీటి ఆధారిత పెయింట్) చాలు. శాటిన్ అని ఉన్నది కూడా తడి తగిలితే మెరుస్తుంది. పక్షుల కళ్లకి మనకి కనబడని అతినీలలోహిత కాంతి కూడా కనబడుతుంది, కాబట్టి మీ గరాజ్ లైటు కింద బాగుందని నమ్మకండి, తడిపి ఎండలో పెట్టి నలభై గజాల దూరం నుంచి చూడండి. పైన క్లియర్ కోట్ వేయొద్దు. ఎండ నుంచి కింది పొరల్ని కాపాడేది రంగులోని పిగ్మెంటే, అది నిండుగా రెండు పూతలు ఉంటే చాలు.

ఆరడం గురించి కూడా. గంటలో చేతికి అంటుకోదు, అంతమాత్రాన ఆరినట్టు కాదు. లేటెక్స్ పూర్తిగా గట్టిపడటానికి సుమారు నెల పడుతుంది. ఈలోగా సంచిలో ఒకదాని మీద ఒకటి పడేస్తే వీపులు అతుక్కుని, విడదీసినప్పుడు రంగు ఒలిచినట్టు వస్తుంది. టెక్సస్‌లో టీల్ (చిన్న బాతుల) సీజను సెప్టెంబరులోనే కదా, జులై చివరికల్లా రంగు అయిపోవాలి. మీ హ్యూస్టన్ ఉక్కపోతకి ఏసీ ఉన్న గదిలో ఫ్యాను కింద ఆరబెట్టుకోండి.

గల్ఫ్‌తీరం
మా ప్లాన్ ఇది, తప్పులుంటే చెప్పండి. ఫోమ్ చెక్కి, జిగురుతో సీల్ చేసి, గోనె చుట్టి, పైన ఒక పూత వేసి, రంగు వేసి, ఆ తర్వాత అడుగు చెక్క, కీల్ (బొమ్మ ఒరగకుండా కింద నిలువుగా ఉండే పట్టీ), లంగరు తాడు కొక్కెం బిగిస్తాం. తల సెడార్‌తో, తోకలో ప్లైవుడ్ ముక్క. సగం డికాయ్‌లకి రొమ్ము మీద కాటన్ గుడ్డ, పైన పొట్టు పూత వేసి రెండూ పక్కపక్కన నడిపి చూస్తాం.

శాక్రమెంటో_వరిచేను
వరస మార్చండి. అడుగు చెక్క ముందే ఎపాక్సీతో అతికించాలి, గోనె దాని అంచు మీదుగా కిందకి మడవాలి. చివర్లో బిగిస్తే ఫోమ్‌కీ చెక్కకీ మధ్య గీత బయటే ఉండిపోతుంది, మొదటి నీళ్లు వెళ్లేది అందులోంచే. తోక ముక్క, తల కూర్చునే డోవెల్ (చెక్క మేకు) కూడా గోనెకి ముందే.

కాకినాడ_పడవ
అవును, అలాగే కీల్ స్క్రూలకి రంధ్రాలు కాస్త పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలోంచి మళ్లీ సన్నగా తొలిచి స్క్రూ దింపండి. స్క్రూ చెక్కని తాకదు, నీళ్లకి దారి ఉండదు. ఉప్పునీళ్లు కాబట్టి స్టెయిన్‌లెస్ 316 స్క్రూలే తీసుకోండి, మామూలువి తుప్పు పట్టి ఉబ్బితే చెక్క చీలుతుంది.

మంచుసరస్సు
అన్నీ అయ్యాక ఒక్కొక్కటీ తూకం వేసి, బరువు అడుగున పెన్సిల్‌తో రాయండి. రాత్రంతా బకెట్‌లో ఇటుక పెట్టి ముంచి ఉంచి, తుడిచి మళ్లీ తూయండి. బరువు పెరిగినది ఎక్కడో తాగుతోంది, దాన్ని చిత్తడిలోకి తీసుకెళ్లొద్దు. పూత ఊడిన ఫోమ్ గింజలు ఒకసారి నీళ్లలో రాలితే ఏరలేం, చేపలూ పక్షులూ తింటాయి. సీజను మధ్యలో చిరుగు కనబడినా అంతే, ఆ రోజుకి సంచిలో పెట్టేసి ఇంటికొచ్చి అతుకు వేశాకే మళ్లీ దింపండి.

గల్ఫ్‌తీరం
సరే, వరస మారుస్తున్నాను. లాగింగ్ జిగురు ఇక్కడ ఒక ఇన్సులేషన్ షాపులో దొరికింది, శనివారం సీలింగ్ పూతతో మొదలుపెడుతున్నాం. శాక్రమెంటో అన్నా, తలకి కూడా గోనె వేయాలా, చెక్క కాబట్టి ప్రైమర్, పెయింట్ సరిపోతుందా?

శాక్రమెంటో_వరిచేను
తలకి వద్దు, కళ్ల దగ్గర, బుగ్గల దగ్గర ఆకారం పోతుంది. ఎక్స్‌టీరియర్ ప్రైమర్ రెండు పూతలు, ముక్కు కొసకి పల్చటి ఎపాక్సీ. మెడ గోనెని కలిసే చోట మాత్రం గుడ్డని మెడ మీదకి పావు అంగుళం ఎక్కించి వదలండి.